సాలుకూ సాలుకూ మధ్య

మా నాయన వేరుశనగ విత్తేటప్పుడు మమ్మల్ని ఒక్క తప్పుకే తిట్టేవాడు. సాళ్లు దగ్గరైతే ఊరుకునేవాడు కాదు. "వాన లేని నేలరా ఇది. మొక్కకు మొక్క ఆనుకుంటే రెండూ ఎండుతాయి" అనేవాడు. వజ్రకరూరు పక్క పల్లె మాది. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి యాభై అయిదు సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ కాస్త తడిని మొక్కలు పంచుకోవాలంటే మధ్యలో ఖాళీ ఉండాల. అది వృథా నేల కాదని మా నాయన చెప్పకుండానే నేర్పినాడు.

సేద్యం నాకు అచ్చిరాలేదు. 1975లో గుంతకల్లులో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేరి, 1998లో ఆ ప్రెస్సు మూతపడేదాకా సీసపు అక్షరాలు పేర్చినాను. అక్కడా సాళ్లే. పంక్తికీ పంక్తికీ మధ్య సన్నటి సీసపు రేకు పెడతాము. లెడ్డు అంటాము దాన్ని. తెలుగుకు లెడ్డు తక్కువైతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులతో కొట్లాడతాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు వచ్చినచోట మరీ ఇబ్బంది. కాగితం ఆదా చేయమని యజమాని లెడ్డు తీసేయమంటాడు. స్తోత్రాల పుస్తకం కొనడానికొచ్చిన అవ్వ మాత్రం "నాయనా, పెద్దక్షరాలది లేదా?" అని అడుగుతుంది. ఇద్దరి మధ్యా నలిగింది నేను.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. ఎడమ కంటికి శుక్లం ఆపరేషనయింది. కుడి కంటికి నడిమి చూపు మసక. పోయిన వేసవిలో మనవడి పాత ల్యాప్‌టాప్‌లో జైన గ్రంథం 'సమయసారం' చదవడం మొదలుపెట్టినాను. పైన ప్రాకృత గాథ, కింద తెలుగు అర్థం, దాని కింద బూడిదరంగు డబ్బాలో వ్యాఖ్య. తెల్లటి పేజీ మీద అక్షరాలు కూడా బూడిదరంగే. సన్నగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఎవరో ఇంగ్లీషు అక్షరాలకు కొలత తీసి తెలుగుకు తొడిగినట్టున్నారు. రెండు గాథలకే కళ్లల్లో నీళ్లు.

మనవడు ఇంజనీరింగు మూడో ఏడు. "ఏం తాతా, ఏడుస్తాండావా? అంత భక్తా?" అన్నాడు. సంగతి చెప్పినాక నవ్వి, స్టైలస్ అనే పనిముట్టును బ్రౌజరుకు తగిలించి, నాలుగు వరుసలు రాసినాడు. అక్షరం 24 పిక్సెళ్లు. పంక్తి ఎత్తు అక్షరానికి ఒకటీ ముప్పావు రెట్లు. నల్లటి అక్షరం, లేత పసుపు నేల. ఫాంటు వేమన. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అని రెండు ఫాంట్లు చేసినారు. పోతనలో కలం ఒత్తినట్టు లావు సన్నం ఉంటాయి. వేమనలో గీతంతా ఒకే మందం. నా కంటికి వేమనే ఆనింది.

పేజీ ఒక్కసారిగా తెరిపి పడింది. సాళ్ల మధ్య ఎడం వచ్చింది. ఆ పూట ఇంకొన్ని గాథలు చదివినాను. రాత్రి మాత్రం మనసు పీకింది. ఇరవై మూడేళ్లు పుస్తకాలకు రూపం ఇచ్చినవాణ్ణి. నేను పేర్చిన పేజీని ఎవరైనా విప్పి తమకు నచ్చినట్టు పేర్చుకొని ఉంటే నాకెట్లుండేది? అదీ ఒక ఆచార్యుని గ్రంథం. ఒకరిచ్చిన రూపాన్ని మార్చుకొని చదవడం అపచారమా, కాదా?

మరుసటి రోజు మనవణ్ణి అడిగితే, వాడు చెప్పిన చరిత్రలో నా ప్రశ్నే కనబడింది. వెబ్ పేజీలో మాటలు వేరు, వాటి రూపం చెప్పే చీటీ వేరు. ఆ చీటీ పేరు స్టైల్ షీటు. నార్వే దేశస్థుడు హోకోన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో, జెనీవా దగ్గరి సెర్న్ సంస్థలో పనిచేస్తూ, ఈ ఆలోచన ముందుకు తెచ్చినాడు. రాసినవాడికీ చీటీ ఉంటుంది, చదివేవాడికీ చీటీ ఉంటుంది. ఎవరి మాట ఎంత చెల్లాలో శాతాల్లో తేల్చుకోవచ్చని ఆ తొలి ప్రతిపాదనలో ఉంది. బెర్ట్ బాస్‌తో కలిసి ఆయన తయారుచేసిన ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చేసరికి శాతాలు పోయి తరతమాల వరుస మిగిలింది. మామూలుగా రాసినవాడి చీటీదే పైచేయి. ఒక నియమం పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి 'ఇంపార్టెంట్' అని రాస్తే దానికి బలమెక్కువ. మరి ఇద్దరూ అట్ల రాస్తే? 1996 ప్రమాణంలో రాసినవాడే నెగ్గేవాడు. 1998 మే నెలలో వచ్చిన రెండో ప్రమాణం దాన్ని తిరగేసింది. చదివేవాడే నెగ్గాలంది. చూపు తక్కువైనవాళ్లకు పెద్ద అక్షరం, వేరే రంగు అవసరమని, చివరి మాట కంటిదే కావాలనేది వాళ్లు చెప్పిన కారణం.

కాగితం మీద హక్కు రాసినంత మాత్రాన అది చేతికందదు. చదివేవాడు తన చీటీ పెట్టుకునే సౌకర్యాన్ని క్రోమ్ బ్రౌజరు 2014లో తీసేసింది. అప్పటినుంచి బయటి పనిముట్లే దిక్కు. వాటిలో పేరున్న స్టైలిష్, వాడేవాళ్లు ఏ పేజీలు చూస్తున్నారో పోగుచేస్తోందని 2018లో బయటపడింది. "అందుకే తాతా, నీకు స్టైలస్ పెట్టింది" అన్నాడు మనవడు.

నాకు మాత్రం ఎర్రగుడి గుర్తొచ్చింది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, అశోకుని శాసనాలున్న బండలు. ప్రెస్సులో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం సైకిళ్ల మీద పోయినాము. అక్కడి చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోతాయి, వాటి మధ్య కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. మాతో వచ్చిన చరిత్ర మాస్టారు దీనికి గ్రీకులో ఒక పేరుందని, దానర్థం ఎద్దులు మళ్లినట్టు అని చెప్పినాడు. మడక దున్నేటోని కొడుకును, నాకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. సాలు చివరికి పోయిన ఎద్దులు ఖాళీగా వెనక్కి నడిచి మళ్లీ మొదలు నుంచి దున్నవు కదా.

ఆ శాసనాన్ని పండితులు పుస్తకాల్లో అచ్చేసేటప్పుడు అన్ని పంక్తుల్నీ ఎడమ నుంచి కుడికే తిప్పి వేస్తారు. అట్ల తిప్పకపోతే మనం చదవలేము. అశోకునికి అపచారం జరిగిందా? బండ బండగానే ఉంది, ఎద్దులు ఇప్పటికీ మళ్లుతూనే ఉన్నాయి.

శాసనాల వాళ్లు అచ్చు తీసే పద్ధతి ఇంకా తేటగా చెబుతుంది ఈ సంగతి. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, కుచ్చుతో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దుతారు. నేల నల్లగా, గుంటల్లోని అక్షరం తెల్లగా తేలుతుంది. రాయి మీద ఎర్రటి ఎండలో కనపడని గీత ఆ కాగితం మీద కనపడుతుంది. రాతికి ఒక్క గీటు పడదు. ఇంకో చోట ఒక గుళ్లో చూసినాను. శాసనమున్న గోడకు పండగ పండగకూ సున్నం కొడతారు, భక్తితోనే. గుడి తెల్లగా మెరుస్తుంది, అక్షరం పూడిపోతుంది. రెండూ రూపం మార్చడమే. మొదటిది చదివేవాడి కాగితం మీద జరిగింది, రెండోది అందరి గోడ మీద. నా నాలుగు వరుసలు ఆ తడి కాగితం లాంటివని అప్పుడు తోచింది. నా తెర మీద తప్ప ఇంకెక్కడా ఏమీ మారలేదు. స్టైలస్ ఆపేస్తే ఆ బూడిదరంగు పేజీ ఉన్నదున్నట్టు వస్తుంది.

ఇంతకూ నేను చదువుతున్న గ్రంథమే జవాబు చెప్పింది. సమయసారం రాసిన కుందకుందాచార్యులు మా వైపువాడే. ఆయన ఊరు కొండకుంద అని, అదే మా కోనకొండ్ల అని పండితులు తేల్చినారు. ఆ ఊరి రససిద్ధుల గుట్ట మీద జినుల శిల్పాలను చిన్నప్పుడు దేవుళ్లనుకొని మొక్కినాము. దిగంబర జైనులు మహావీరుని తర్వాత, గౌతమ గణధరుని తర్వాత తలిచే పేరు ఆయనదని ముసలితనంలో గానీ తెలియలేదు.

ఆయన రెండు చూపుల గురించి చెబుతాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూసేది నిశ్చయ నయం. లోకం మాట్లాడే తీరులో చూసేది వ్యవహార నయం. ఎనిమిదో గాథ దగ్గర ఆగిపోయినాను. పరాయివాడికి వాడి భాషలో తప్ప ఏ సంగతీ బోధపరచలేము, అట్లాగే వ్యవహారం లేకుండా పరమార్థాన్ని చెప్పడం కుదరదు అని దాని భావం. నా మసక కన్ను కూడా ఒక పరాయివాడే అనుకున్నాను. దాని భాష 24 పిక్సెళ్లు, నల్లటి అక్షరం, దండిగా లెడ్డు. ఆ భాషలో చెబితేనే దానికి ఆచార్యుని మాట అందుతుంది.

కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. రుచి మరిగినాను. వ్యాఖ్య ఉన్న డబ్బాలు గాథకూ గాథకూ మధ్య అడ్డంగా ఉన్నాయని, మనవడి చేత ఇంకొక్క వరుస రాయించి వాటిని మాయం చేయించినాను. పేజీ మరీ శుభ్రమయింది. పదకొండో గాథ దగ్గరికి వస్తే, నిశ్చయమే సత్యార్థం, వ్యవహారం కాదు అన్నట్టు ఉంది. అక్కడే మూసేసి, సాయంత్రం మా అమ్మాయికి ఉపన్యాసమిచ్చినాను. పూజలు, వ్రతాలు, రూపాలు అన్నీ అబద్ధమేనని. అమ్మాయి ఏమీ అనకుండా తన ఫోనులో అదే పేజీ తీసి నా చేతికిచ్చింది. ఫోనులో నా చీటీ లేదు, డబ్బాలున్నాయి. ఆ గాథ కింది వ్యాఖ్యలో, తర్వాతి గాథ కలిపి చదవాలని ఉంది. పన్నెండో గాథ చెప్పేదేమంటే, పరమభావాన్ని చూసినవాళ్లకు శుద్ధ నయం, అంటే నిశ్చయం, ఇంకా కింది మెట్టున ఉన్నవాళ్లకు వ్యవహారమే బోధ.

కింది మెట్టున ఉండి, కళ్లజోడు సర్దుకుంటూ, ఫాంటు ఎంచుకుంటూ, రూపమంతా అబద్ధమని చెప్పినవాణ్ణి నేను. సిగ్గేసింది. అక్షరాన్ని పెద్దది చేసినప్పుడు నేను గ్రంథానికి దగ్గరైనాను. డబ్బాలు మాయం చేసినప్పుడు నాకు నచ్చిన దానికి దగ్గరైనాను. చేసిన పని ఒకే రకంగా కనపడింది, అదే చీటీ, అదే పనిముట్టు. మొదటిసారి కాగితం తడిపినాను, రెండోసారి సున్నం కొట్టినాను. ఎవరి గోడ మీదో కాదు, నా కంట్లోనే కొట్టుకున్నాను. సున్నం ఎక్కడ పడినా అక్షరం పూడేది పూడేదే.

కాబట్టి నా తీర్పు ఇది. రూపాన్ని మార్చుకునే హక్కు చదివేవాడిదే. 1998లో ఆ ప్రమాణం రాసినవాళ్లు చేసింది ధర్మమే. అక్షరం పెంచుకో, రంగు మార్చుకో, సాళ్లు ఎడం చేసుకో, అది అపచారం కాదు. ఒక్క మాటను కూడా కనపడకుండా చేయొద్దు. విసుగు పుట్టించే మాటనైతే అసలే వద్దు. అప్పుడప్పుడూ చీటీ ఆపేసి, అవతలివాడు తన పేజీని ఎట్లా ఇచ్చినాడో కాసేపు చూడు, కళ్లు మండినా సరే. మనవడి చేత ఆ చివరి వరుస చెరిపించినాను. మొదటి నాలుగు వరుసలూ అట్లే ఉన్నాయి.

ఈ వ్యాసాన్ని పేజీగా పేర్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పాత కంపోజిటరు మనవి: లెడ్డు రవ్వంత ఎక్కువే వేయండి. మావి వాన తక్కువ కళ్లు.