ముదిమిలో గుండెచికిత్స: ఒక ధర్మసందేహము

సువర్ణరేఖా ఖర్కాయీ నదుల కలయికకడ నెలకొన్న జంషెడ్‌పూరు ఉక్కు కొరకు పుట్టిన నగరము. అచ్చటి బ్లాస్టు ఫర్నేసులో లోపలి ఇటుకపొర అరిగిపోయినప్పుడు కొలిమిని చల్లార్చి, కొత్త పొర కట్టి, మరల రగిలింతురు. ఆ నిర్ణయము ఇంజనీర్లది; కొలిమి అభిప్రాయముతో పని లేదు. కాని ఆ కొలిమికడ పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఎనుబదియేండ్ల కార్మికుని గుండెకు మరమ్మతు కావలసివచ్చినప్పుడు నిర్ణయము ఎవ్వరిది? తెలుగునాటినుండి పోయి అచ్చట స్థిరపడిన కుటుంబములకును ఈ ప్రశ్న తప్పదు.

మరమ్మతు నేడు అసాధ్యము కాదు. 2002లో ఫ్రాన్సు దేశమున అలాఁ క్రిబియే రొమ్ము కోయకయే, రక్తనాళము గుండా గుండెలో కొత్త కవాటమును అమర్చెను. కవాటము బిగిసి, పెద్ద శస్త్రచికిత్సకు తాళజాలని వృద్ధులపై జరిగిన పరిశోధన 2010లో వెలువడినది. మామూలు చికిత్స పొందినవారిలో ఏడాదిలోగా నూటికి 51 మంది మరణింపగా, కొత్త కవాటము పొందినవారిలో 31 మందియే మరణించిరి. అయితే వీరిలో పక్షవాతము హెచ్చుగా కనబడినది. మరియొక పరిశోధన 2024లో బ్రిటనునుండి వచ్చినది. 75 ఏండ్లు దాటి, ఒక తరహా గుండెపోటుకు గురియైన 1518 మందిని అందు పరిశీలించిరి. రక్తనాళములను శోధించి స్టెంటు వంటివి అమర్చు పద్ధతికిని, కేవలము మందులకును గుండెజబ్బు మరణముల విషయమున చెప్పుకోదగిన భేదము కానరాలేదు. మరల గుండెపోటు వచ్చుట మాత్రము కొంత తగ్గినది. కావున వయస్సు మీరినదని చికిత్స నిరాకరించుట అన్యాయము. సాధ్యమైనదని చేసివేయుట అవివేకము.

ఈ సందేహము ఆ విద్యలో ఆచార్యుడైనవానికే ఎదురైనది. అమెరికా శస్త్రవైద్యుడు మైకేల్ డిబేకీకి 97వ ఏట, 2005 చివర, బృహద్ధమని గోడ చీలినది. ఆయన మొదట శస్త్రచికిత్సకు ఒప్పుకొనలేదు. 2006 ఆరంభమున స్పృహ తప్పినపిమ్మట, భార్య పట్టుదలపైని, ఆసుపత్రి ధర్మసంఘము అనుమతిపైని, ఆయన తాను కనిపెట్టిన విధానముననే చికిత్స పొందెను. నెలల తరబడి బాధపడి కోలుకొనెను; బ్రతికినందుకు సంతోషించెను; 2008లో 99వ ఏట మరణించెను.

ఫలము మంచిదైనది గనుక నిర్ణయమును మంచిదన వచ్చునా? ఆయన శస్త్రపీఠముపైననే మరణించియుండినచో, అదే నిర్ణయమును లోకము క్రూరమనియుండును. ఫలము పిమ్మట తెలియును; ధర్మమును ముందే నిర్ణయింపవలెను. ఐనను ఆయన సంతోషమును ఒక సాక్ష్యమే: ఒకసారి వలదన్నవాడు ఎల్లకాలమును వలదనునని తలపరాదు. కావున పెద్దలను ముందుగా అడుగవలెను, మరల మరల అడుగవలెను.

మన యిండ్లలో జరుగునది వేరు. ఆసుపత్రి వసారాలో కుమారులు “నాన్నగారికి చెప్పకండి” అని వైద్యుని బతిమాలుకొందురు. అది ప్రేమయే, కాని ఆ ప్రేమ తండ్రిని కొలిమిగా చేయుచున్నది. ఆయాసము లేక నాలుగు మెట్లెక్కుటకై ఒకరు ప్రమాదమునకు సిద్ధపడుదురు. గొట్టముల నడుమ గాక తన మంచముపైననే కన్నుమూయవలెనని మరియొకరు కోరుదురు. రెండును సమంజసములే. ఆయా మనుష్యుడు నోట చెప్పగలిగినప్పుడే, ఎవరి కోరిక ఏదియో ఇంటివారు విని యుంచుకొనవలెను.