గాదె తలుపు తీసే వేళ

2022 ఏప్రిల్లో మా గరాజ్ గోడకు రెండు బ్యాటరీలు బిగించిన రోజు మా బాబు లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఏ ప్లాను పెట్టమంటావు?" అన్నాడు.

మేముండేది కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో. ఇక్కడ పీజీ అండ్ ఈ అనే కంపెనీ ఇచ్చే కరెంటుకు పూటను బట్టి ధర. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా అన్నిటికన్నా ఎక్కువ. ఈ-టీవోయూ-సీ అనే ప్లానులో ఆ తేడా కొంచెమే. ఈవీ2-ఏ అనే ప్లానులో మాత్రం అర్ధరాత్రి మొదలుకొని మధ్యాహ్నం మూడింటి దాకా ఉండే ధర, వేసవి సాయంత్రపు ధరలో సగానికి దగ్గరగా ఉంటుంది. ఎలక్ట్రిక్ కారు లేకపోయినా, ఇంట్లో బ్యాటరీ ఉంటే చాలు, అది తీసుకోవచ్చు. బాబు లెక్క తేలికగానే అర్థమైంది. మా కప్పు మీది సోలార్ పలకలు పట్టిన మిట్టమధ్యాహ్నపు ఎండను బ్యాటరీలో దాచాలి, ధర పెరిగాక ఇంటికి వాడుకోవాలి, మిగిలింది లైనులోకి వదలాలి. చవకగా ఉన్నప్పుడు దాచి, ప్రియమైనప్పుడు అమ్మడం.

నాకు మా తాతగారి గాదె గుర్తొచ్చింది.

మాది శ్రీకాకుళం జిల్లా, అరసవల్లికి దగ్గరి పల్లె. భాద్రపదం వచ్చేసరికి కూలివాళ్ల ఇళ్లలో గింజ ఉండేది కాదు, కొత్త పంటకు ఇంకా రెండు మూడు నెలలు. అప్పుడు తాతగారు గాదె తలుపు తీసి నాగుకి ధాన్యం ఇచ్చేవారు. పది కుంచాలు పట్టుకెళ్లినవాడు సంక్రాంతికి పదిహేను తెచ్చి కొలవాలి. మామ్మకు అది గిట్టేది కాదు. పెరటి గుమ్మంలోంచి, నాగు లేకుండా, చేటలతో పోసి పంపేది. తాతగారు చూసీ చూడనట్టు ఉండేవారు. "నేను దాచకపోతే నువ్వేం పోస్తావు?" అని ఒక్కసారి అన్నారట. ఆ వాదం వాళ్లిద్దరూ ఉన్నన్నాళ్లూ తేలలేదు. విత్తనాల పురి మాత్రం ఇద్దరిలో ఎవరూ ముట్టేవారు కాదు.

ఇక మా నాన్న. రోజూ సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చాకే మంచినీళ్లు తాగేవారు. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు అరసవల్లి స్వామి పాదాలను తాకే రోజుల్లో తెల్లవారకముందే నన్ను లేపి తీసుకెళ్లేవారు. సూర్యుడు ఇచ్చినదానికి పద్దు రాయకూడదని ఆయన నమ్మకం. అటువంటి ఇంట్లో పుట్టి, ఎండను దాచి ప్రియమైన వేళ అమ్మడమేమిటని నాకు మనసొప్పలేదు. యోగసూత్రాల్లో యమాలు ఐదు, చివరిది అపరిగ్రహం. అవసరానికి మించి పోగేసుకోకపోవడం. గరాజ్ గోడ మీద ఒక్కొక్కటి పదమూడున్నర యూనిట్లు పట్టే ఆ రెండు తెల్ల పెట్టెలు పోగేసుకోవడం కాక ఏమిటి?

బాబు వాదించలేదు. రాష్ట్రం మొత్తం మీద గంటగంటకూ కరెంటు వాడకంలోంచి సోలార్, గాలి కరెంటు తీసేస్తే ఎంత మిగులుతుందో చూపించే గీత ఒకటి తెరిచాడు. దాన్ని ఇక్కడ బాతు గీత అంటారు. మధ్యాహ్నం సోలార్ వెల్లువలో బాతు పొట్టలా కిందికి జారి, పొద్దు వాలగానే మెడలా నిటారుగా లేస్తుంది. ఏసీలు, పొయ్యిలు, దీపాలు అన్నీ ఆ వేళకే. సూర్యుడు మాత్రం వెళ్లిపోతాడు. అప్పుడు గ్యాస్ కేంద్రాలను ఎగదోయాలి. అదే ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అయితే ఎండ ఎక్కువై, కరెంటును తీసుకునే దిక్కులేక సోలార్ కేంద్రాల ఉత్పత్తిని తగ్గించమంటారు. 2024లో ఈ రాష్ట్రంలో అలా వదులుకున్న సోలార్, గాలి కరెంటు ముప్పై నాలుగు లక్షల మెగావాట్ అవర్లు.

అది చూశాక నా ప్రశ్న మారింది. నేను మధ్యాహ్నం దాచేది ఇంకొకరి నోటి దగ్గరి ముద్ద కాదు, కళ్లంలో వానకు తడిసిపోయే ధాన్యం. అటువంటప్పుడు దాచడం తప్పెలా అవుతుంది? తలుపు ఎప్పుడు తీస్తామన్నదే అడగాల్సింది. ఈవీ2-ఏ పెట్టమన్నాను.

పెట్టాక నేను చేసిన పని ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది. మా అత్తగారికి రాత్రిళ్లు ఆక్సిజన్ మిషను కావాలి. 2019 అక్టోబరులో కార్చిచ్చు భయంతో ఉత్తర కాలిఫోర్నియాలో లక్షల ఇళ్లకు కరెంటు ఆపేసిన రోజులు నా మనసులోంచి పోలేదు. అందుకని ఆ వేసవిలో యాప్‌లో రిజర్వు నూరు శాతానికి లాగేశాను. అంటే బ్యాటరీలు నిండుగా ఉంటాయి, కరెంటు పోతే తప్ప ఒక్క యూనిట్ కూడా బయటికి రాదు. కరెంటు కొరత వేళల్లో బ్యాటరీలన్నీ కలిసి లైనుకు కరెంటు ఇచ్చే పథకంలో బాబు మమ్మల్ని చేర్పించాడు. పేరుకే చేరాం. తలుపుకు తాళం వేసింది నేను.

సెప్టెంబర్ 6, 2022. వారంగా వడగాలి. సాయంత్రం ఐదూ నలభై ఐదుకి ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. రాష్ట్ర ప్రభుత్వ హెచ్చరిక: కరెంటు వాడకం తగ్గించండి. ఆ రోజు రాష్ట్రపు డిమాండు 52,061 మెగావాట్లకు చేరింది, అంతకుముందెన్నడూ అంత లేదు. నేను గరాజ్‌లోకి వెళ్లి నిలబడ్డాను. రెండు పెట్టెలూ నిండుగా ఉన్నాయి. భాద్రపదం, నిండు గాదె, గుమ్మంలో జనం.

అక్కడే నిలబడి అంతకుముందు ఎన్నడూ వేయని లెక్క వేశాను. మిషనుకు దాదాపు మూడు వందల యాభై వాట్లు. పది గంటల రాత్రికి మూడున్నర యూనిట్లు. ఫ్రిజ్, ఒక ఫ్యాను, రెండు లైట్లు కలిపినా ఎనిమిది దాటదు. ఉన్నవి ఇరవై ఏడు. ఆ ఎనిమిదీ విత్తనాల పురి, దాన్ని ఎవరూ ముట్టకూడదు. మిగిలిన పంతొమ్మిదీ నా భయం. ఇంకో మూడు చేతిలో ఉంచుకుని రిజర్వు నలభైకి దించాను. బ్యాటరీల నుంచి లైను వైపు బాణం గుర్తు కదలడం యాప్‌లో చూశాను. ఆ సాయంత్రం ఎంతోమంది తలా ఒక స్విచ్చు ఆపారు. కొద్దిసేపట్లోనే రెండు వేల మెగావాట్లకు పైగా డిమాండు తగ్గింది. వంతులవారీ కోతలు పెట్టమని గ్రిడ్ నిర్వాహకులు ఆదేశించాల్సిన అవసరం రాలేదు. అత్తగారు ఏమీ ఎరగకుండా నిద్రపోయారు.

కొన్ని నెలలకు ఆ కరెంటుకు యూనిట్‌కు రెండు డాలర్ల చొప్పున ముప్పై డాలర్ల దాకా వచ్చింది. అది చూసి మళ్లీ మొదటికొచ్చాను. డబ్బు తీసుకున్నాక అది దానం ఎలా అవుతుంది? ఇక్కడి శివవిష్ణు ఆలయం హుండీలో వేద్దామని కూడా అనుకున్నాను.

వేయలేదు. ఎందుకంటే దానం అన్న మాటే నాది కాదని తెలిసింది. మా బిల్లు మీద "క్రెడిట్" అని ఉంటుంది, అంటే కంపెనీయే మాకు బాకీ. మన పెద్దలు దీన్ని తిరగేసి చెప్పారు. మనిషి పుట్టడమే దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు బాకీలతో పుడతాడు. దేవతలిచ్చింది తిరిగి ఇవ్వకుండా తినేవాణ్ని దొంగ అంది గీత మూడో అధ్యాయం. నా కప్పు మీద పడ్డ ఎండ నేను సంపాదించింది కాదు. దాన్ని చీకటి వేళ పదిమందికీ చేర్చడం బాకీ తీర్చడమే. ఆ చేర్చినందుకు కూలి వస్తే తీసుకోవచ్చు, బండివాడు తీసుకున్నట్టే. పుణ్యం లెక్కలో మాత్రం రాసుకోకూడదు.

ఒక్క చోట మాత్రం నాకు ఇంకా ఊరట లేదు. సోలార్ ముందే పెట్టించుకున్నవాళ్లం కాబట్టి లైనులోకి పంపిన యూనిట్‌కు మాకు దాదాపు కొన్న ధరే కడతారు, ఇరవై ఏళ్ల పాటు. 2023 ఏప్రిల్ 14 తర్వాత దరఖాస్తు పెట్టినవాళ్లకు అంతకన్నా చాలా తక్కువ. సోలార్ ఉన్నవాళ్లకు ఇచ్చే క్రెడిట్ల భారం లేనివాళ్ల బిల్లుల మీద పడుతోందని 2022 డిసెంబరులో ఇక్కడి నియంత్రణ కమిషన్ తేల్చింది. సోలార్ పక్షం ఒప్పుకోదు. నాకు మాత్రం మా వీధి చివరి అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. అద్దెకున్నవాళ్లకు కప్పు లేదు. వాళ్లకూ సాయంత్రం నాలుగుకే పిల్లలు బడి నుంచి వస్తారు, ఐదుకే పొయ్యి వెలుగుతుంది. అందులో తాతగారి నాగు వాసన ఉంది, కాదనలేను.

శ్రీకాకుళంలో మా తమ్ముడు పోయిన ఏడాది మూడు కిలోవాట్ల పలకలు పెట్టించాడు, కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు వచ్చింది. 2023 నిబంధనల ప్రకారం అక్కడా పూటధరలు రావాలి, ఎండవేళ కనీసం ఇరవై శాతం తక్కువ. "అక్కా, బ్యాటరీ పెట్టించనా?" అని అడిగాడు. పెట్టించు, కానీ ముందు ఇంట్లో రాత్రికి నిజంగా ఎన్ని యూనిట్లు కావాలో కాగితం మీద రాసుకో అన్నాను.

మీరూ రాసుకోండి. ఫోన్లు మోగేదాకా ఆగకండి.