రంగదీపనంలో తక్షణ సవరణ: ఒక నైతిక విచారణ

వ్యాస సంగ్రహం: రంగస్థల దీపాల అమరికను సాఫ్ట్‌వేర్‌లో ముందే నమోదు చేసుకొని, ప్రదర్శన సాగుతుండగా అవసరాన్ని బట్టి సవరించే పద్ధతి పద్యనాటక ప్రదర్శనల్లోకీ ప్రవేశించింది. ఆ సవరణ చేసే వ్యక్తికి ఉన్న అధికారమెంత, బాధ్యత ఎంత అనేది ఈ వ్యాసంలోని ప్రశ్న. యారాడలో జరిగిన ఒక కాటిసీను ప్రదర్శనానుభవాన్ని ఆధారంగా తీసుకొని, నాట్యశాస్త్రంలోని ఘాతవిచారాన్నీ, అభినవగుప్తుని రసవిఘ్నవిచారాన్నీ దానికి అన్వయించడం జరిగింది.

కీలక పదాలు: రంగదీపనం, పద్యనాటకం, ఆహార్యం, ఘాతం, రసవిఘ్నం, పక్షపాతం.

1. ఉపోద్ఘాతం

భరతుడు అభినయాన్ని ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలని నాలుగు విధాలుగా విభజించాడు. నేటి రంగదీపనాన్ని ఈ విభాగంలో చేర్చవలసివస్తే ఆహార్యంలోనే చేర్చాలి. అయితే వేషం, ఆభరణం నటుని వెంట రంగం మీదికి వస్తాయి. దీపం మాత్రం నటునికి కనబడని చోట కూర్చున్న మరొకరి చేతిలో ఉంటుంది. ఆ చేయి కదిలితే ప్రేక్షకుని చూపు కదులుతుంది. కక్ష్యావిభాగ సంప్రదాయంలో నటుడు రంగం మీద నాలుగడుగులు వేసి స్థలం మారిందని సూచించేవాడు. నేడు ఆ పనిని చాలావరకు దీపం చేస్తోంది. నటుని అధికారంలో కొంత భాగం ఈ విధంగా దీపనియంత్రకునికి సంక్రమించింది. అధికారం సంక్రమించిన చోట ధర్మమేమిటన్న ప్రశ్న తప్పదు. తెలుగు నాటక విమర్శ దీపనాన్ని సౌందర్యదృష్టితో అక్కడక్కడ పరామర్శించింది. నైతికదృష్టితో జరగవలసిన విచారణ ఇంకా మిగిలి ఉంది.

2. నమోదైన కాలం, నటుని కాలం

దీపనియంత్రణలో విస్తృతంగా వాడుకలో ఉన్న డీఎంఎక్స్ 512 ప్రమాణం 1986లో రూపొందింది. దీని ప్రకారం ఒక తీగ ద్వారా 512 ఛానళ్లకు ఆదేశాలు పంపవచ్చు. ఒక్కొక్క ఛానల్ విలువ 0 నుండి 255 వరకు ఉంటుంది. ఏ దీపం ఎంత వెలగాలో నిర్ణయించిన విలువల సముదాయాన్ని సాఫ్ట్‌వేర్‌లో ‘సీన్’ అంటారు. సీన్ల వరుసను ‘క్యూలిస్ట్’ అంటారు. ప్రతి సీను ఎంతసేపటిలో వెలగాలో, ఎంతసేపు నిలవాలో, ఎంతసేపటిలో ఆరాలో ముందే నమోదు చేయవచ్చు. 1975లో అమెరికాలో ‘ఏ కోరస్ లైన్’ సంగీతనాటకానికి థారన్ మస్సర్ ఇటువంటి జ్ఞాపకశక్తి గల నియంత్రణ బల్లను వాడిన నాటినుండి ఈ పద్ధతి వ్యాపించింది. నేడు క్యూఎల్‌సీ ప్లస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న లాప్‌టాప్‌తో ఒక చిన్న సమాజం కూడా ఈ పని చేసుకోగలదు.

సెకన్ల లెక్కతో నమోదైన ఈ కాలానికీ, పద్యనాటక కాలానికీ సహజమైన వైరం ఉంది. పద్యనాటకంలో రాగాలాపన ఎంతసేపు సాగాలో గ్రంథంలో ఉండదు. అది ఆనాటి గొంతును బట్టి, హార్మోనియం అందింపును బట్టి, సభ స్పందనను బట్టి తేలుతుంది. సభలో ‘వన్స్ మోర్’ అని కేక వినబడితే నటుడు పాత్రను క్షణం పక్కన పెట్టి, అదే పద్యాన్ని మళ్లీ అందుకొంటాడు. ఈ సంప్రదాయంలో కాలం నటునికీ ప్రేక్షకునికీ ఉమ్మడి ఆస్తి. ముందే బిగించిన క్యూలిస్ట్ ఆ ఆస్తిలో వాటా అడిగే మూడవ వ్యక్తి వంటిది. కాబట్టి పద్యనాటకానికి తక్షణ సవరణ అనివార్యం. సవరించవచ్చునా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరి కోసం, ఎంతమేరకు అన్నదే ప్రశ్న.

3. యారాడ సందర్భం

విశాఖపట్నం రేవుకు దక్షిణాన, డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవలివైపున యారాడ ఉంది. మూడు వైపుల కొండలు, ఒకవైపు సముద్రం. అక్కడ ఒక ఊరిపండుగలో బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్ర’లోని కాటిసీను ప్రదర్శించినప్పుడు దీపనియంత్రణ బాధ్యత నాకు అప్పగించారు. ఉన్నవి కొద్దిపాటి ఎల్‌ఈడీ పార్ లైట్లు, ఒక లాప్‌టాప్. చంద్రమతి బాలుని కళేబరంతో ప్రవేశించిన తరువాత హరిశ్చంద్రుని పద్యం. పద్యం ముగియగానే వెలుగు మెల్లగా చంద్రమతి మీదికి మారాలి. దర్శకుని సూచన అది. నేను దానిని సెకన్లతో సహా నమోదు చేశాను.

ఆ రాత్రి పద్యం అంచనాకు మించి సాగింది. వెంటనే క్యూలిస్టును నిలిపివేశాను. సభ ‘వన్స్ మోర్’ అన్నది. హరిశ్చంద్రుని ముఖం మీది వెలుగును మరికొంత పెంచాను. నటుని కాలాన్ని గౌరవించాననీ, యంత్రం చేయలేని పని చేశాననీ ఆ క్షణంలో నాకు తృప్తి కలిగింది.

ప్రదర్శన ముగిశాక చంద్రమతి పాత్రధారిణి తీగలు చుడుతున్న నా దగ్గరికి వచ్చింది. చాలా ఏళ్లుగా ఆ పాత్ర వేస్తున్న మనిషి. ‘‘పద్యం రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆయన మాట మాటకూ నేను లోపల్లోపల జవాబు చెబుతూనే ఉన్నాను బాబూ. ఎవరికీ కనబడి ఉండదులే’’ అన్నది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఆమె ఉన్న చోట నీలపు వెలుగు విలువ 255కు 60 మాత్రమే. ఆ సమయమంతా ఆమె సాత్త్వికాభినయం చీకటిలో జరిగింది.

4. ఘాతం, విఘ్నం

నాట్యశాస్త్రంలోని సిద్ధ్యధ్యాయం ప్రదర్శనకు కలిగే ఘాతాలను దైవికం, ఆత్మసముత్థం, పరసముత్థం, ఔత్పాతికం అని నాలుగు విధాలుగా చెప్పింది. గాలి, నిప్పు, వాన వంటివి దైవికాలు. నటుడు మాట మరచిపోవడం, అంటే స్మృతిప్రమోషం, ఆత్మసముత్థం. ప్రత్యర్థులు చేసే అల్లరి వంటిది పరసముత్థం. యారాడలో జరిగినది వీటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. నియంత్రకుడు ప్రత్యర్థి కాడు. నటబృందంలోని వాడే అయినా రంగం మీద లేడు. అతని దోషం సభకు దోషంగా కనబడదు. ఆ రాత్రి సభ చప్పట్లే కొట్టింది. కనబడని దోషానికి ప్రాశ్నికులు లేరు. కాబట్టి అతనిని విచారించవలసినది అతడే.

ఈ దోషమూలం అభినవగుప్తుని రసవిఘ్నాలలో దొరుకుతుంది. ఆయన చెప్పిన ఏడు విఘ్నాలలో నిజసుఖాదివివశీభావం ఒకటి. తన సుఖదుఃఖాలకు తాను వశుడైపోవడమని అర్థం. అభినవగుప్తుడు దీనిని రసాస్వాదనకు సంబంధించి చెప్పాడు. దీపనియంత్రకుని విషయంలో దీనికి మరొక అంతస్తు ఉంది. పద్యం నన్ను వశం చేసుకొన్నది. నేను పొందిన ఆనందమే నా వేలిని నడిపింది. ప్రేక్షకుడు వివశుడైతే నష్టపోయేది అతడొక్కడే. నియంత్రకుడు వివశుడైతే సభ మొత్తం అతని కన్నుతోనే చూడవలసివస్తుంది. హరిశ్చంద్రునికి ఇచ్చిన వెలుగు చంద్రమతి నుండి తీసినది కాకపోయినా, ఆమెకు అందవలసిన చూపు మాత్రం ఆమెకు అందలేదు.

5. పూర్వపక్షం, సమాధానం

అలాగైతే యంత్రానికే వదిలివేయడం మేలు కదా అనే పూర్వపక్షం బలమైనది. యంత్రానికి బంధుప్రీతి లేదు, పేరున్న నటుడనే మొహమాటం లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం నిర్ణీతమైన లయలో వెలుగుతుంది. నావికుడు దానిని నమ్మేది అది ఎవరి కోసమూ మారదనే. రంగదీపం కూడా అంత నిష్పక్షపాతంగా ఉండరాదా?

దీనికి సమాధానం రెండు భాగాలు. మొదటిది, దీపస్తంభం తన స్థానాన్ని మాత్రమే తెలుపుతుంది; రంగదీపం ఎదుటివారి స్థితిని తెలపాలి. యారాడలో క్యూలిస్ట్ తన లెక్క ప్రకారమే నడచి ఉంటే హరిశ్చంద్రుడు పద్యం మధ్యలో మసకబారేవాడు. అది సమదృష్టి కాదు, దృష్టి లేకపోవడం. రెండవది, పక్షపాతానికి విరుగుడు సాధనంలోనే ఉంది. వెలుగు తీవ్రత విషయంలో ఈ సాఫ్ట్‌వేర్ సాధారణంగా హెచ్చు విలువకే ప్రాధాన్యం ఇస్తుంది: రెండు ఆదేశాలు ఒకే ఛానల్‌కు అందితే పెద్దది చెల్లుతుంది. అంటే హరిశ్చంద్రుని వెలుగు తగ్గించకుండానే, ఒక స్లైడర్‌తో చంద్రమతి వెలుగును 60 నుండి కొంత పెంచి, పద్యం ముగిశాక దించి ఉండవచ్చు. నమోదైన సీను చెక్కుచెదరదు. సాధ్యం కాక కాదు, తోచక చేయలేదు. తోచకపోవడమే ఇక్కడ నైతికలోపం.

తక్షణ సవరణలో మరొక భేదాన్ని కూడా గుర్తించాలి. స్లైడర్‌తో చేసినది ఆ రాత్రితో ముగుస్తుంది. సీనునే మార్చి భద్రపరిస్తే అది రేపటి ప్రదర్శనకూ శాసనమవుతుంది. మొదటిది ఆశువు వంటిది, రెండవది పాఠపరిష్కరణ. మూలకర్త సమ్మతి లేకుండా పాఠాన్ని దిద్దిన పరిష్కర్తను మన సాహిత్య పరిశోధన ప్రశ్నిస్తుంది. దర్శకునికి చెప్పకుండా సీనును మార్చిన నియంత్రకునికీ అదే ప్రశ్న వర్తిస్తుంది.

6. ముగింపు

పై విచారణను బట్టి తక్షణ సవరణకు మూడు నియమాలను ప్రతిపాదించవచ్చు. సవరణ రంగం మీద ఉన్న అందరి కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి, మాటాడుతున్నవాని కాలాన్ని మాత్రమే కాదు. ఆనాటి అవసరానికి చేసినది ఆనాటితో ముగియాలి. ప్రదర్శన తరువాత ఎందుకు చేసినదీ నటులకు, దర్శకునికి చెప్పగలిగినదై ఉండాలి. ఈ మూడింటిలో మొదటిది కష్టమైనది; సభ అంతా ఒకరిని చూస్తున్నప్పుడు మరొకరిని చూడడం అందులో ఉంది. ఆ పని చేసేవాడు పద్యాన్ని పూర్తిగా ఆస్వాదించలేడు. ఆ ఆస్వాదనను కొంత వదులుకోవడమే అతని వృత్తిధర్మం. చంద్రమతి పాత్రధారిణికి ఆ రాత్రి నేను ఈ మాట చెప్పలేకపోయాను.