పుట్టుక, జన్యువు, సమానత్వం

‘బుద్ధి పుట్టుకతో వస్తుంది’ అనగానే మన మిత్రులు చాలామందికి ఒళ్లు మండుతుంది. కారణం లేకపోలేదు. పుట్టుక పేరు చెప్పే గదా ఈ దేశంలో తరతరాలుగా కోట్లాదిమందిని చదువుకు దూరంగా ఉంచారు! ఆ పాత మాటే ఇప్పుడు ‘జన్యువు’ అన్న కొత్త చొక్కా తొడుక్కుని వస్తున్నదేమోనని వారి అనుమానం. అనుమానం న్యాయమైనదే. కాని అందుకోసం జన్యువునే కాదనడం భౌతికవాదం అనిపించుకోదు.

అలా కాదన్న చరిత్ర మనకు కొత్తది కాదు. 1948లో మాస్కోలో లైసెంకో అనువంశికతా శాస్త్రానికి బూర్జువా ముద్ర వేయించాడు. వావిలోవ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు అంతకు అయిదేళ్ల ముందే సరాతోవ్ జైలులో మరణించాడు. గోధుమ గింజ మాత్రం ఏ తీర్మానాన్నీ లెక్కచేయలేదు.

ఇంతకూ జన్యువులు చేసేదేమిటి? గర్భంలో మూడో వారాన పిండం వీపు మీద ఒక పలక వంటి పొర ఏర్పడుతుంది. దాని అంచులు పైకి లేచి, కలుసుకుని గొట్టమవుతాయి. సుమారు 28వ రోజుకు ఆ గొట్టం మూసుకుంటుంది. మెదడుకూ వెన్నుపాముకూ మూలం అదే. ఏ కణం ఏమి కావాలో, ఎక్కడికి పోవాలో నడిపించడంలో జన్యువుల పాత్ర నిర్వివాదాంశం. అయితే ప్రొటీన్లను తయారుచేయించే జన్యువులు మనిషిలో సుమారు 20,000. పెద్దవాడి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వాటి మధ్య ఉండే సంబంధాలన్నిటినీ విడివిడిగా నుదుట రాయడానికి బ్రహ్మ దగ్గర అంత సిరా లేదు!

పైగా జన్యువు శూన్యంలో పనిచేయదు. ఆ గొట్టం సరిగా మూసుకోవడానికి ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్ కావాలి. ఈ లోపంతో ఒకసారి బిడ్డను మోసిన తల్లులకు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి 1991లో ప్రకటించింది. 28వ రోజుకు తాను గర్భవతినన్న సంగతే చాలామంది స్త్రీలకు తెలియదు. ఆసుపత్రిలో పేరు రాయించుకున్నాక ఇచ్చే మాత్ర ఆ గొట్టానికి ఆలస్యంగా అందుతుంది. తల్లి తిండిలో అయోడిన్ బాగా కొరవడితే, జన్యువుల్లో ఏ దోషమూ లేని శిశువు మెదడు సైతం కుంటుపడుతుంది. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ఉప్పుకు అయోడిన్ కలిపించి ప్రయోగం మొదలుపెట్టాడు. గాయిటర్ అనే గొంతువాపు ఆ ఉప్పుతోనే తగ్గుముఖం పట్టింది.

ఇంతవరకు మన వాదానికి అనుకూలమే. అసలు చిక్కు ఇక్కడుంది. ఇరవై ఒకటో క్రోమోజోము ఒకటి అదనంగా ఉన్న బిడ్డ మెదడు గర్భంలోనే వేరుగా ఎదుగుతుంది. ఏ ఆకుకూరా దాన్ని మార్చలేదు. ఆ బిడ్డకు బడిలో చోటు లేదని మనలో ఎవరైనా అనగలరా? అనలేమంటే, అందరి మెదళ్లూ ఒక్కటేనని రుజువు చేస్తేనే సమానత్వం నిలుస్తుందని మనం ఇన్నాళ్లూ పడుతున్న ఆరాటం ఎందుకు? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి పిల్లలకు పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా రాసింది. అది ఎన్ని బడుల్లో నడుస్తున్నదో మన ఉపాధ్యాయ మిత్రులే చెప్పాలి.