పూటకూళ్లవాని వంతు



తిరుపతినుండి పీలేరు మీదుగా మదనపల్లె చేరి, మరికొంత దూరము పోయినయెడల ఆరోగ్యవరము కనబడును. క్షయరోగులకొరకు అనేక మిషనులవారు ఏకమై స్థాపించిన వైద్యశాల అది. 1912లో ఆ పనికి మొదటి అధిపతిగా నిలిచినవారు డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరుగారు.

ఆ దినములలో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము, ఇవే ముఖ్యాధారము. దగ్గువాని ఊపిరిలోనే మరణము పొంచియుండగా, అట్టివారి మంచములమధ్య తిరుగుటకు ఆయన సముద్రములు దాటి వచ్చెను.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుచున్నది. డెన్మార్కులో క్షయరోగులు లేరా? ఉండిరి. తన వాకిటి రోగిని విడిచి పరదేశపు రోగియొద్దకు పోవుట న్యాయమా? యుద్ధములు, వరదలు వచ్చిన దేశములకు స్వచ్ఛందముగా వెళ్లు వైద్యులను, నర్సులను నేటికిని ఇట్లే అడుగుదురు.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దూరపు దీనుని ప్రేమించుట ఒక్కొక్కప్పుడు సులభము. వాడు మన గట్టు తగాదాలో లేడు, మన అప్పు ఎగవేయలేదు. అయితే అవసరమును మైళ్లతో కొలువలేము. ఐడా స్కడ్డరమ్మగారి సంగతి తలంచుడి. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, కాన్పు కష్టములోనున్న తమ భార్యలకొరకు ఆమెను పిలువవచ్చిరి. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. తండ్రి వైద్యుడే గాని, పురుషుడు రాకూడదనిరి. ముగ్గురు స్త్రీలును మరణించిరి. అమెరికాలో వైద్యురాండ్రు ఉండిరి. ఆ మూడు గడపలకు ఒక్కరును లేరు. ఎవరును ఎక్కని గడపయే ముందుగా ఎక్కవలసిన గడప.

ఆమె వైద్యము నేర్చి వచ్చెను. అయినను తానొక్కతె ఎన్ని గడపలు ఎక్కగలదు? కనుక 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. సేవకు గీటురాయి ఇదియే: సహాయము పొందినవారు సహాయము చేయువారైరా? ఆరోగ్యవరములో పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమినుగారు తరువాత భారత ప్రభుత్వమునకు క్షయ విషయమున సలహాదారులైరి.

మంచి సమరయుని కథలో మనము సమరయునినే చూతుము. అతడు మరునాడు వెళ్లిపోయెను. గాయపడినవానిని కనిపెట్టుకొనియున్నవాడు పూటకూళ్లవాడు. వాని పేరు ఎవరును తలంచరు. మన మధ్యకు వచ్చిన ఆ తొలి పరదేశులును వెళ్లిపోయిరి. ఇప్పుడు ఆ యింటివారము మనమే.

నేడు క్షయకు మందులు ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగా దొరకును. సాధారణముగా ఆరు నెలలు మానక వాడినయెడల రోగము కుదురును. మందు పనిచేయ మొదలుపెట్టిన కొద్ది వారములకే ఇతరులకు అంటుట మిక్కిలి తగ్గును. అయినను మన ఊరిలో ఒకనికి ఆ రోగమని తెలిసినప్పుడు, వాడు కుదిరిన తరువాత సహా వాని గ్లాసు వేరుగానే పెట్టుదుము. వాని కుమార్తె పెండ్లిమాట ఆగిపోవును. ఆరాధనలో వాని ప్రక్క చాప ఖాళీగా నుండును. ఆ సిగ్గుకు వెరచియే మరియొకడు తన దగ్గును దాచుకొనును, మందు మధ్యలో మానును.

ఒకడు మనకొరకు సముద్రము దాటెను. మనము ఒక చాప వెడల్పు దాటలేమా? వచ్చు ఆదివారము మీరు ఎవరి ప్రక్కన కూర్చుందురో ఇప్పుడే నిశ్చయించుకొనుడి.