తెలియని గడి

సత్యము పలుకుమని పిల్లలకు బోధించు మేమే, వృత్తిలో చేరిన తొలి దినములలో ఒక యసత్యమును పలుమాఱు వ్రాసితిమి. లేపాక్షి ప్రాంతపు బడిలో బిడ్డను చేర్చవచ్చిన తల్లిని పుట్టిన తేదీ యడిగినచో, "చెరువెండిన యేడు పుట్టినాడు, అయ్యవారూ" అని చెప్పెడిది. గడిని ఖాళీగా విడువలేక మేమొక తేదీని ఊహించి వ్రాసెడివారము. ఆ యూహయే పిదప వారి యుద్యోగములకు ప్రమాణమైనది. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుట చిన్న దోషమేనా?

ఈ ప్రశ్న బడితో తీరునది కాదు. హైదరాబాదు అత్తాపూరునందు సి.సి.ఎం.బి. సంస్థవారి లాకోన్స్ ప్రయోగశాల కలదు. అంతరించుచున్న వన్యమృగముల రక్షణకై డాక్టరు లాల్జీసింగుగారు దానికి అంకురార్పణ చేసిరి. అచట మృగముల కణజాలమును, డి.ఎన్.ఏ.ను శీతలమున భద్రపఱతురు. న్యూయార్కు ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలయందును 2001 నుండి ఇట్టి భాండారము కలదు. ద్రవనత్రజనిలో, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, కణములు ఏండ్ల తరబడి చెడకుండును.

అయితే చలి కాపాడునది మాంసమునే గాని దాని చరిత్రను గాదు. ఏ మృగము, ఏ యడవి, ఏ దినము, ఎవరు తీసిరి, ఎన్నిమాఱులు కరగినది, ఎవరికెంత యిచ్చిరి అను సంగతులను మనుష్యుడే వ్రాయవలెను. సీసాపై నంకెయు, కంప్యూటరులోని పట్టికయు ఏకీభవింపనిచో ఆ నిధి విలువ యేమి?

అటవీశాఖవారు మాంసమును పట్టుకొందురు; నిందితుడది మేకమాంసమనును. అప్పుడు దాని జన్యుభాగమును తెలిసిన మృగముల జన్యుభాగములతో పోల్చి నిర్ణయింతురు. ఇందులకు వర్మ, లాల్జీసింగుగారలు 2003లో ఒక మార్గమును ప్రకటించిరి. కాని "తెలిసిన" దానిపై చీటియే యూహయైనచో? నిరపరాధి చెఱసాలకేగవచ్చును, వేటగాడు విడుదల పొందవచ్చును. ఊహించి వ్రాసినవాడు ఆ న్యాయస్థానమును చూడనైన చూడడు.

ఖాళీ గడి పనికిరానిదని కొందఱందురు. మేమట్లు తలపము. ఖాళీ గడి తరువాతివానిని వెదకుమని పిలుచును; ఊహ వెదకుటనే మాన్పించును. పిదప నిజము తెలిసినచో, పాత వ్రాతను చెఱపక, ప్రక్కనే తేదీతో, పేరుతో దిద్దుట ధర్మము.

మా యూరి వీరభద్రాలయమున కల్యాణమంటపము అసంపూర్ణముగా నిలిచియున్నది. పూర్తియైనదని యెవ్వరును నటింపలేదు. అది మాకు సిగ్గును, ధైర్యమును నేర్పుచున్నది. "తెలియదు" అని వ్రాయగల చేతినే మన బిడ్డలకు అలవఱపుదము.