చోటు లేకుండ చేయకుడి
ధ్యాన భాగము: యెషయా 5:8



పరమగీతములో షారోను పేరు మీరు చదివియున్నారు. అది ఇశ్రాయేలు దేశములో మధ్యధరా సముద్రము ప్రక్కనున్న మైదానము. ఆ తీరపు ఇసుక నేలలో ఐరిస్ జాతి పువ్వు ఒకటి పూయును. నలుపును తలపించు దాని రంగునుబట్టి హెబ్రీ భాషలో దానికి ధూమ్రవర్ణపు ఐరిస్ అని పేరు. ప్రత్యక్షగుడారపు తెరలలోని ధూమ్రవర్ణము మీకు జ్ఞాపకమే గదా. ఈ పువ్వు ఆ తీరప్రాంతమున తప్ప లోకమందు మరెచ్చటను సహజముగా మొలవదు. నేడు అది నశించిపోవు స్థితిలో నున్నది.

ఈ పువ్వులో తేనె లేదు. అయినను సాయంకాలమున ఒక జాతి మగ తేనెటీగలు దానిలో దూరి రాత్రి తలదాచుకొనును. ఉదయమున ఎండ తగులగానే ఆ నల్లని పువ్వు వేడెక్కును. ఈగయు వెచ్చబడి ఎగిరిపోవును. బస వెదకుచు పువ్వునుండి పువ్వునకు తిరుగునప్పుడు అది పుప్పొడిని మోయును. ఈ మొక్క తన పుప్పొడితో తాను విత్తనము కట్టదు. పొరుగు మొక్క కావలెను. ఆ జాతి ఆడ ఈగలు నేల త్రవ్వి గూడు కట్టుకొనును. కాబట్టి పువ్వునకును ఈగకును నేలయే ఆధారము.

ఇశ్రాయేలులో ప్రకృతి సంరక్షణకు 1963లో చట్టము వచ్చెను. అడవిపూలు కోయకూడదని పిల్లలకు నేర్పిరి; వారు విని కోయుట మానిరి. అది మెచ్చదగినదే. అయినను ఇసుక దిబ్బలమీద ఇండ్లు, రోడ్లు, తోటలు వ్యాపించెను. పువ్వును కోయని జనులే దాని నేలను తీసికొనిరి. మిగిలిన మొక్కలు ఒకదానికొకటి దూరమై పొరుగును పోగొట్టుకొనెను.

స్థలము మిగులకుండ ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనువారికి శ్రమ అని ప్రవక్త పలికెను. ఆయన బీదల పక్షముగా పలికెను. అయితే అడవిపూలను అలంకరించువాడు దేవుడే అని మన ప్రభువు బోధించెను గనుక, వాటి చోటును ఆక్రమించుటయు తండ్రి సొత్తును ఆక్రమించుటయే.

ప్రియులారా, ఇది దూరదేశపు సంగతి అని నేను తప్పించుకొనలేను. పూలు తెంపవద్దని ఆదివారపు బడి పిల్లలను గద్దించినవాడను నేనే. గుడి ఆవరణమంతయు సిమెంటు చేయించినవాడను నేనే. గోడ ప్రక్క తుమ్మిపూలమీద వ్రాలు సీతాకోకచిలుకలు ఇప్పుడు రావు. శుభ్రముగా నున్నదని మీరు మెచ్చితిరి, నేను సంతోషించితిని. దేవుడు నన్ను క్షమించును గాక.

వచ్చు ఆదివారము ఆరాధన తరువాత గోడవెంబడి రెండు బారల వెడల్పు సిమెంటు తీయింప దలచితిని. గడ్డపార గలవారు తెండి. అచ్చట మనము ఏమియు నాటవద్దు. ప్రభువు మొలిపించువాటికి చోటిచ్చి కనిపెట్టుదము. ఆమేన్.